పరభాష అని మూసిన బడులు – హవాయి సైనికులు చెప్పిన పాఠం



జూన్ మాసం వచ్చిందంటే మనవంటి సరిహద్దు ఊళ్ల తెలుగు ఉపాధ్యాయులకు ఒక పరీక్ష మొదలవుతుంది. బడిలో చేర్పించవచ్చిన తల్లిదండ్రులు మన ఎదుట కూర్చుని రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది, "అయ్యా, తెలుగు చదివితే మా పిల్లవాడికి ఏమి ప్రయోజనం?" అని. రెండవది కొంచెం గొంతు తగ్గించి అడుగుతారు. "తరతరాలుగా ఈ రాష్ట్రంలో ఉంటున్నాము. ఇంకా మన భాష, మన బడి అంటూ ఉంటే ఇక్కడివారు మనలను పరాయివారుగా చూడరా?" అని.

ముప్పై ఏండ్లుగా ఈ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలు చెబుతూ వచ్చాను. ఈసారి ఒక చరిత్ర చెప్పదలచుకున్నాను. అది అమెరికాలోని హవాయి రాష్ట్రపు సైనిక చరిత్ర. తెలుగు బడికీ హవాయి సిపాయిలకూ సంబంధమేమిటని మీకు సందేహం కలుగవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి. పై రెండు ప్రశ్నలనూ ఆ దీవుల ప్రజలు మనకంటె ఎంతో కఠినమైన పరిస్థితులలో ఎదుర్కొన్నారు.

దీవులు, చెరకు తోటలు, రెండు బడులు

హవాయి పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ద్వీపసమూహం. కమెహమెహ అనే వీరుడు 1795లో ఒవాహు దీవిలో జరిగిన నువువాను యుద్ధంలో గెలిచి, 1810 నాటికి దీవులన్నింటినీ ఒక్క రాజ్యంగా చేశాడు. ఆ రాజ్యం 1893 వరకు నిలిచింది. ఆ సంవత్సరం జనవరి 17న చెరకు వ్యాపారుల వర్గం అమెరికా నౌకాసైనికుల అండతో లిలివొకలాని మహారాణిని పదవీచ్యుతురాలిని చేసింది. 1896లో అక్కడి బడులలో బోధన ఆంగ్లంలోనే జరగాలని చట్టం వచ్చి, హవాయి భాష తన సొంత గడ్డపైనే బడినుండి బహిష్కృతమైంది. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకొన్నది. అటుపైన ఆరు దశాబ్దాలు అవి 'టెరిటరీ'గా ఉండి, 1959 ఆగస్టు 21న యాభయ్యవ రాష్ట్రమయ్యాయి.

చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు జపానునుండి జనం వచ్చారు. మన పూర్వులు మారిషస్, నాటాల్, మలయా తోటలకు ఓడలెక్కి వెళ్లినట్లే వారూ వెళ్లారు. 1885నుండి రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద పెద్దయెత్తున వలస సాగింది. 1941 నాటికి హవాయి జనాభాలో మూడవ వంతుకు మించి, అనగా లక్షా యాభైవేలకు పైగా, జపాను సంతతివారే. వలస వచ్చిన తరాన్ని 'ఇస్సెయి' అనీ, అక్కడ పుట్టి అమెరికా పౌరులైన రెండవ తరాన్ని 'నిసెయి' అనీ పిలుస్తారు.

ఆ నిసెయి పిల్లలకు రోజుకు రెండు బడులు. పగలు ఆంగ్లంలో నడిచే ప్రభుత్వ పాఠశాల. అది ముగిసిన తరువాత ఒక గంట జపాను బడి. తోటలలో చెమటోడ్చిన కూలీలు తమ జీతంలోనుండి తీసి ఆ బడులను నడిపారు. పిల్లలకు అది ఇష్టమైన పని కాదు. తోటివారు ఆడుకుంటూ ఉంటే తాము అక్షరాలు దిద్దుకోవలసి రావడం ఏ పిల్లవాడికి నచ్చుతుంది? మన ఆదివారపు తెలుగు తరగతులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కోర్టుకెక్కిన అక్షరాభ్యాసం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఈ బడులమీద అనుమానం పెరిగింది. అమెరికాలో పుట్టిన పిల్లలను ఇవి జపాను చక్రవర్తికి భక్తులుగా తయారుచేస్తున్నాయని పత్రికలు, అధికారులు అన్నారు. 1920నుండి వరుసగా చట్టాలు వచ్చాయి. బడి నడపడానికి అనుమతి పత్రం కావాలి. ఉపాధ్యాయుడు ఆంగ్లంలోను, అమెరికా చరిత్రలోను పరీక్ష నెగ్గాలి. రోజుకు ఒక గంటకు మించి బోధించరాదు. పుస్తకాలు ప్రభుత్వం ఒప్పుకున్నవే ఉండాలి. చివరకు పిల్లవాడొక్కంటికి ఏడాదికి ఒక డాలరు చొప్పున బడి రుసుము కట్టాలన్నారు.

కొందరు పెద్దలు "ఊరుకుందాం, గొడవ ఎందుకు" అన్నారు. మరికొందరు న్యాయస్థానానికి వెళ్లారు. 'హవాయి హోచి' పత్రికాధిపతి ఫ్రెడ్ కింజబురో మకినో వారికి అండగా నిలిచాడు. అప్పుడు ఆ దీవులలో 163 పరభాషా పాఠశాలలు ఉన్నట్లు తీర్పులో నమోదైంది. వాటిలో 9 కొరియా భాషవి, 7 చైనా భాషవి, మిగిలినవన్నీ జపాను భాషవి. 1927 ఫిబ్రవరి 21న అమెరికా సుప్రీంకోర్టు, ఫారింగ్టన్ – తొకుషిగె వ్యాజ్యంలో ఆ చట్టాలు చెల్లవని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. తమ బిడ్డకు ఏ భాష నేర్పించాలో నిర్ణయించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉన్నదని ఆ తీర్పు సారాంశం. మన రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలను, మాతృభాషలో ప్రాథమిక విద్యను గురించి చెప్పే 350-ఎ అధికరణాన్ని చదివినవారికి ఈ భావం పరిచితమే.

కోర్టులో గెలిచారు. కాని అనుమానం మాత్రం మనుషుల మనస్సులలో నిలిచిపోయింది.

1941 డిసెంబరు 7

ఆ ఆదివారం ఉదయం జపాను విమానాలు పెరల్ హార్బర్ మీద దాడి చేశాయి. 2,403 మంది అమెరికనులు మరణించారు. 'అరిజోనా' అనే ఒక్క యుద్ధనౌకలోనే 1,177 మంది పోయారు. మరునాడు వైమానాలో తీరానికి కొట్టుకొచ్చిన ఒక చిన్న జలాంతర్గామి అధికారి కజువో సకమాకిని హవాయి నేషనల్ గార్డు సైనికుడు, హవాయి ఆదివాసి అయిన డేవిడ్ అకుయి పట్టుకున్నాడు. ఆ యుద్ధంలో అమెరికాకు చిక్కిన మొదటి జపాను ఖైదీ అతడే.

దీవులలో సైనిక శాసనం అమలులోకి వచ్చింది. అది 1944 అక్టోబరు వరకు కొనసాగింది. జపాను బడులన్నీ మూతపడ్డాయి. తొలి అరెస్టులలో ఎవరున్నారో గమనించండి. బౌద్ధ పూజారులు, పత్రికల వారు, వ్యాపార పెద్దలు, వారితోపాటు జపాను భాషా ఉపాధ్యాయులు. బలపం పట్టించడమే వారిమీద అనుమానానికి ఆధారం. ఇళ్లలో జనం తమ పుస్తకాలను, ఉత్తరాలను, ఫొటోలను కాల్చివేశారు, పెరటిలో పాతిపెట్టారు. 'అమెరికా భాషే మాట్లాడండి' అనే ప్రచారం ఊరూరా సాగింది. అమెరికా పడమటి తీరంలో 1,20,000 మందిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. హవాయిలో జనాభాలో మూడవ వంతును బంధిస్తే తోటలు, రేవులు నడవవు గనుక రెండువేల లోపు మందిని మాత్రమే నిర్బంధించారు. యుద్ధం ముగిసేదాకా హవాయి జపనీయులలో ఒక్కరిమీద కూడా గూఢచర్యం గాని, విద్రోహం గాని రుజువు కాలేదు.

ఆ రోజుల సంఘటన ఒకటి విద్యార్థుల తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది. దాడి జరిగిన నాడే హవాయి విశ్వవిద్యాలయంలో సైనిక శిక్షణ పొందుతున్న విద్యార్థులను కాపలాకు పిలిచారు. వారిలో చాలామంది నిసెయిలు. ఆరు వారాలు తుపాకులు పట్టి రేవులను, నీటి గుట్టలను కాచారు. 1942 జనవరిలో వారిని, ముఖం జపాను ముఖమన్న కారణంతో, సైన్యంనుండి తొలగించారు. నిన్నటివరకు తమతో కావలి కాసిన స్నేహితులు కన్నీళ్లతో సాగనంపారు. ఆ యువకులలో 169 మంది సైనిక పాలకునికి విజ్ఞప్తి వ్రాసుకున్నారు. తుపాకి ఇవ్వకపోయినా సరే, ఏ పని ఇచ్చినా చేస్తామన్నారు. 'వర్సిటీ విక్టరీ వాలంటీర్స్' అనే పేరుతో వారు స్కోఫీల్డ్ సైనిక స్థావరంలో దాదాపు ఏడాదిపాటు రాళ్లు కొట్టారు, రోడ్లు వేశారు, ఇళ్లు కట్టారు. కళాశాల విద్యార్థులు పార పట్టిన ఆ దృశ్యం అధికారుల మనస్సును మార్చడానికి తోడ్పడింది.

నూరవ బెటాలియన్, 442వ దళం

అప్పటికే హవాయి నేషనల్ గార్డు రెజిమెంట్లలో ఉన్న నిసెయి సైనికులను ఏమి చేయాలో ప్రభుత్వానికి తెలియలేదు. 1942 జూన్ 5న 1,432 మందిని ఓడనెక్కించి ప్రధాన భూభాగానికి పంపారు. తల్లిదండ్రులకు వీడ్కోలు చెప్పే అవకాశం కూడా చాలామందికి దక్కలేదు. వారే 100వ పదాతి బెటాలియన్. విస్కాన్సిన్‌లోను, మిసిసిపిలోను శిక్షణ పొంది, 1943 సెప్టెంబరులో ఇటలీలోని సాలెర్నోలో దిగారు. 1944 ఆరంభంలో మోంటె కస్సినో కొండ వద్ద జరిగిన పోరులో వారికి కలిగిన నష్టం చూసి, గాయపడినవారికిచ్చే పతకం పేరుతో జనం ఆ దళాన్ని 'పర్పుల్ హార్ట్ బెటాలియన్' అని పిలవసాగారు.

1943 ఫిబ్రవరిలో నిసెయిలతోనే 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్ ఏర్పడింది. హవాయినుండి 1,500 మంది చాలునన్నారు. ముందుకు వచ్చినవారు దాదాపు పదివేలమంది. చివరకు 2,600కు పైగా తీసుకున్నారు. పార పట్టిన ఆ విద్యార్థులలో చాలామంది వీరిలో చేరారు. 'గో ఫర్ బ్రోక్' అనేది వారి నినాదం. అది హవాయి జూదగాళ్ల పలుకుబడి, ఉన్నదంతా ఒక్క పందెంలో ఒడ్డడమని దాని అర్థం.

శిక్షణ శిబిరంలో మొదట హవాయి కుర్రవాళ్లకూ ప్రధాన భూభాగపు నిసెయిలకూ పడలేదు. హవాయివారు తోటల్లో పుట్టిన కలగాపులగపు ఆంగ్లం మాట్లాడేవారు. అవతలివారు నవ్వేవారు, ఇవతలివారు చేయిచేసుకునేవారు. అప్పుడు అధికారులు హవాయివారిలో కొందరిని ఆర్కన్సాలోని రోవర్ నిర్బంధ శిబిరం చూడటానికి పంపారు. ముళ్లతీగలు, కాపలా బురుజులు, లోపల తమ తోటి సైనికుల తల్లులు, చెల్లెళ్లు! ఆ ఇళ్లనుండి కూడా కుర్రవాళ్లు సైన్యానికి వచ్చారని కళ్లారా చూశాక ఆ కలహం సద్దుమణిగింది.

1944 అక్టోబరులో ఫ్రాన్సు దేశపు వోజ్ కొండల అడవులలో టెక్సాస్ దళానికి చెందిన ఒక బెటాలియన్ జర్మనుల చుట్టివేతలో చిక్కుకున్నది. దానిని విడిపించే పని 442వ దళానికి అప్పగించారు. నాలుగు రోజుల పోరు తరువాత అక్టోబరు 30న 211 మందిని ప్రాణాలతో రక్షించారు. ఆ ప్రయత్నంలో 442వ దళంలో మృతులు, క్షతగాత్రులు కలిసి దాదాపు 800 మంది. మావి దీవి చెరకు తోటలో కూలి కుటుంబంలో పుట్టిన బార్నీ హజిరో అక్కడ ఒంటరిగా ముందుకు దూకి రెండు మరతుపాకి స్థావరాలను మాన్పించాడు. తరువాతి కాలంలో టెక్సాస్ గవర్నరు ఆ దళంవారిని తమ రాష్ట్రపు గౌరవ పౌరులుగా ప్రకటించాడు.

మరొక పేరు డేనియల్ ఇనోయె. పెరల్ హార్బర్ నాడు అతనికి పదిహేడేండ్లు. ఆ ఉదయం ప్రథమ చికిత్సకు పరుగెత్తిన బాలుడు. వైద్యుడు కావాలనుకున్నాడు. 1945 ఏప్రిల్ 21న ఇటలీలోని శాన్ తెరెన్జో సమీపంలో శత్రు స్థావరాల మీదికి తన సైనికులను నడిపించాడు. కుడి చేతిలో బాంబు ఉండగానే ఆ చేయి ఛిద్రమైపోయింది. ఎడమ చేత్తో ఆ బాంబును విడదీసి విసిరాడు. కుడి చేయి పోయింది, వైద్యుని కల పోయింది. తరువాత న్యాయశాస్త్రం చదివి, 1959లో హవాయి రాష్ట్రంనుండి ప్రతినిధుల సభకు, 1963నుండి 2012లో మరణించేవరకు సెనేటుకు ప్రాతినిధ్యం వహించాడు. హజిరో, ఇనోయెలతో సహా ఈ దళాలకు చెందిన ఇరవైమందికి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ 2000 జూన్‌లో దక్కింది. అర్ధశతాబ్దం ఆలస్యంగా దక్కింది. చాలామంది అప్పటికి జీవించిలేరు.

నూటికి ముగ్గురు

ఇంతవరకు చెప్పినది తుపాకి పట్టినవారి కథ. మన వృత్తికి దగ్గరి కథ ఇప్పుడు వస్తుంది.

జపానుతో యుద్ధం రానున్నదని గ్రహించిన అమెరికా సైన్యానికి 1941లో ఒక లోటు కనిపించింది. జపాను భాష వచ్చినవారు సైన్యంలో లేరు. సరే, నిసెయిలు ఉన్నారు గదా అని దాదాపు 3,700 మందిని పరీక్షించారు. ధారాళంగా భాష వచ్చినవారు నూటికి ముగ్గురు మాత్రమే. శిక్షణ ఇస్తే పనికివచ్చేవారిని కలుపుకొన్నా నూటికి పదిమందికి మించలేదు. వీరందరూ జపాను చక్రవర్తి భక్తులైపోయారని భయపడిన ప్రభుత్వానికి ఎదురైన సత్యమిది! తక్కినవారికి ఇంటి మాటలు తప్ప చదువు రాదు.

ఆ నూటికి ముగ్గురు ఎవరు? సాయంకాలపు బడిలో శ్రద్ధగా కూర్చున్నవారు, జపానులో కొన్నేండ్లు చదివి తిరిగివచ్చిన 'కిబెయి'లు. అందరికంటె ఎక్కువ అనుమానానికి గురైనవారు వీరే. అందరికంటె ఎక్కువ అవసరమైనవారూ వీరే.

1941 నవంబరు 1న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పాత విమానాల షెడ్డులో 60 మంది విద్యార్థులతో రహస్యంగా సైనిక భాషా పాఠశాల మొదలైంది. జాన్ ఐసో ప్రధానోపాధ్యాయుడు. 1942లో దానిని మిన్నెసోటాకు తరలించారు. భాష బాగా వచ్చినవారికి కూడా ఆరు నెలల చదువు తప్పలేదు. సైనిక పరిభాష, 'సోషో' అనే గొలుసుకట్టు వ్రాత నేర్చుకున్నారు. యుద్ధభూమిలో దొరికే డైరీలు, ఉత్తరువులు ఆ వ్రాతలోనే ఉండేవి. దాదాపు ఆరువేలమంది అక్కడ శిక్షణ పొందారు. హవాయి యువకులు వారిలో పెద్ద భాగం.

మన దేశపు నేలమీద కూడా వారి అడుగులు పడ్డాయి. 1943 అక్టోబరు చివర 'మెరిల్స్ మరాడర్స్' అని పేరుపొందిన దళం బొంబాయి రేవులో దిగి, మహారాష్ట్రలోని దేవలాలి మీదుగా వెళ్లి అడవి యుద్ధంలో శిక్షణ పొందింది. అటుపైన బర్మా అడవులకు నడిచింది. ఆ దళంలో 14 మంది నిసెయి భాషావేత్తలు ఉన్నారు. హవాయికి చెందిన హెర్బర్ట్ మియసాకి దళనాయకుడు మెరిల్‌కు దుబాసీగా పనిచేశాడు. రాత్రివేళ శత్రువుల కందకాల దగ్గరికి పాకుతూ వెళ్లి మాటలు విని రావడం, టెలిఫోను తీగలకు తమ తీగ తగిలించి ఉత్తరువులు వినడం ఆ భాషావేత్తల పని. శత్రువుకు చిక్కితే చిత్రవధ, స్వపక్షం వారు పొరబడితే కాల్పులు. అందుకని వారి వెంట అంగరక్షకులను ఉంచవలసివచ్చేది.

హవాయికే చెందిన కజువో యమనె ఒక సందర్భంలో 'సైనిక విలువ లేనివి' అని పక్కన పడవేసిన జపాను కాగితాల పెట్టెలను తెరిచి చదివాడు. అందులో జపాను సైన్యపు ఆయుధాగారాల జాబితా దొరికింది. చదవగలిగినవాడు లేకపోతే అది చిత్తు కాగితమే గదా!

గుహల ముందు వినిపించిన మాట

1945 ఏప్రిల్ 1న ఒకినావా దీవిలో అమెరికా సైన్యం దిగింది. జూన్ దాకా సాగిన ఆ పోరులో ఒకినావా వాసులే లక్షకు మించి మరణించారు. ఒకినావా జపాను ఏలుబడిలో ఉన్నా దాని పలుకు వేరు. జపాను బడులలో ఆ పలుకు పలికిన పిల్లల మెడలో శిక్షగా ఒక చెక్కపలక వేలాడదీసేవారు. యుద్ధం ముదిరాక, ఒకినావా పలుకు మాట్లాడినవారిని గూఢచారులుగా పరిగణించి శిక్షించమని జపాను సైన్యం ఉత్తరువు ఇచ్చింది. సముద్రానికి ఈవల జపాను భాష అనుమానాస్పదం, ఆవల ఒకినావా పలుకు అనుమానాస్పదం. రెండు ప్రభుత్వాలూ ఒకే తప్పు చేశాయి.

తకెజిరో హిగ హవాయిలో పుట్టాడు. పసితనంలో ఒకినావాకు వెళ్లి, అక్కడే చదివి, 1939లో హవాయికి తిరిగి వచ్చాడు. యుద్ధం వచ్చాక అతడూ, అతని అన్న వారెన్ ఇద్దరూ సైనిక భాషా దళంలో చేరారు. తాను పెరిగిన ఊరిమీదికే సైన్యంతో వెళ్లవలసివచ్చింది. అమెరికనులు చిక్కితే చిత్రహింసలు పెట్టి చంపుతారని నమ్మిన జనం గుహలలో దాక్కున్నారు, కొన్ని చోట్ల సామూహికంగా ప్రాణాలు తీసుకున్నారు. హిగ ఆ గుహల ముందు నిలబడి, వారి ఇంటి పలుకులో, బయటికి రండని, భయం లేదని పిలిచాడు. తుపాకిని నమ్మనివారు ఆ యాసను నమ్మి బయటికి వచ్చారు. ఎందరో పిల్లలు, వృద్ధులు బ్రతికిపోయారు. ఆ యుద్ధంలో హిగ ఒక్క తూటా కూడా పేల్చలేదు.

ఒకనాడు ఖైదీల శిబిరంలో అతనికి ఒక ముఖం తెలిసినదిగా తోచింది. తనకు బడిలో చదువు చెప్పిన గురువు! ఇరువురూ కన్నీరు పెట్టుకున్నారు. మరొకనాడు ఇద్దరు యువకులను విచారణకు తీసుకొచ్చారు. వారి బడి పేరు, ఉపాధ్యాయుని పేరు అడిగాడు. తరువాత, తకెజిరో హిగ అనే సహాధ్యాయి ఎవరైనా ఉండేవాడా అని అడిగాడు. ఉండేవాడు, హవాయికి వెళ్లిపోయాడన్నారు. చూస్తే గుర్తుపట్టగలరా అని అడిగి, చివరకు తానే హిగనని చెప్పాడు. చంపబోతున్నారని వణుకుతున్న ఆ ఇద్దరూ బావురుమన్నారు. ముగ్గురూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకొని ఏడ్చారు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఆ గురువుగారి స్థానంలో ఒక్క నిమిషం మనలను ఊహించుకుందాం. తన బడినుండి సముద్రం దాటి వెళ్లిన పిల్లవాడు శత్రుసైన్యపు దుస్తులలో తిరిగివచ్చాడు. కాని నేర్చిన మాట మరువలేదు. ఆ మాటతో ఊరి జనాన్ని నిలబెట్టాడు. ఇంతకు మించిన గురుదక్షిణ ఏముంటుంది?

యుద్ధం తరువాత

1946 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ వర్షంలో నిలబడి 442వ దళపు కవాతును స్వీకరించాడు. శత్రువునే గాక దురభిమానాన్ని కూడా జయించారని ప్రశంసించాడు. భాషా సైనికులకు ఆపాటి గుర్తింపు కూడా వెంటనే దక్కలేదు. వారి పని 1970ల వరకు రహస్యంగానే ఉండిపోయింది. 1988లో నిర్బంధానికి క్షమాపణ చెబుతూ, బ్రతికి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్ల పరిహారం ఇచ్చే చట్టం వచ్చింది. 100వ బెటాలియన్‌లో పోరాడి గాయపడిన హవాయి సెనేటరు స్పార్క్ మత్సునాగ ఆ చట్టం కోసం సెనేటులో పాటుపడ్డాడు. ఈ దళాలకూ భాషా సైనికులకూ కలిపి కాంగ్రెస్ స్వర్ణ పతకం ఇవ్వాలని 2010లో చట్టమయింది.

హవాయి వీరులు నిసెయిలు మాత్రమే అనుకోకూడదు. వైయనయికి చెందిన హవాయి ఆదివాసి యువకుడు హెర్బర్ట్ పిలిలాఔ 1951 సెప్టెంబరు 17న కొరియా యుద్ధంలో తన తోటివారు వెనుకకు తగ్గేవరకు ఒంటరిగా శత్రువును నిలువరించాడు. తూటాలు అయిపోతే కత్తితో, పిడికిళ్లతో పోరాడి నేలకొరిగాడు. మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన మొదటి హవాయి ఆదివాసి అతడే. కవాయి దీవిలో 1942లో, జపాను సంతతివారిని శత్రు వర్గంగా చూసిన రోజులలో పుట్టిన ఎరిక్ షిన్‌సెకి, వియత్నాం యుద్ధంలో పాదంలో కొంత భాగం పోగొట్టుకొని కూడా సైన్యంలో కొనసాగి, 1999లో అమెరికా సైన్యాధిపతి అయ్యాడు.

మరి ఆ బడులేమయ్యాయి? చిన్న తరగతుల పిల్లలకు పరభాష నేర్పడాన్ని పరిమితం చేస్తూ 1943లో హవాయిలో మరొక చట్టం చేశారు. ఈసారి చైనా భాషా పాఠశాలలు కోర్టుకు వెళ్లాయి. యుద్ధానంతరం బడులు క్రమంగా తెరుచుకున్నాయి గాని పూర్వవైభవం రాలేదు. పుస్తకాలు కాల్చుకున్న ఇళ్లలో పిల్లలకు భాష అందలేదు. మరొకవైపు, 1896లో బడినుండి గెంటబడిన హవాయి భాష 1978లో రాజ్యాంగ సవరణ ద్వారా ఆంగ్లంతోపాటు అధికార భాష అయింది. 1984లో ఆ భాషలోనే నడిచే మొదటి శిశు పాఠశాల కవాయి దీవిలో తెరిచారు. పోయిన భాషను మళ్లీ తెచ్చుకోవడం ఎంత శ్రమో వారినడిగితే తెలుస్తుంది.

మన రెండు ప్రశ్నలు

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నలకు వద్దాం.

పరాయివారుగా చూస్తారేమోనన్న భయం నిరాధారమైనది కాదు. హవాయిలో చూశారు. అయితే భాష మరచినవారిని మాత్రం విడిచిపెట్టారా? నూటికి తొంభైమందికి భాష సరిగా రాకపోయినా అనుమానం అందరిమీదా పడింది. కనుక భాషను వదులుకుంటే అనుమానం పోతుందన్నది భ్రమ. వారు పగటి బడినీ వదలలేదు, సాయంకాలపు బడినీ వదలలేదు. మనమూ అట్లే చేయాలి. మన పిల్లలు ఉన్న రాష్ట్రపు భాషను, కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా, ఆ రాష్ట్రపు బిడ్డలతో సమానంగా నేర్చుకోవాలి. తెలుగును ఇంటి బిడ్డలుగా నేర్చుకోవాలి.

ప్రయోజనం మాటకొస్తే, నేనీ చరిత్ర చెప్పింది సైన్యానికి పనికొస్తుంది గనుక భాష నేర్పమని కాదు. ఏ జాతీ తన విధేయతను రక్తంతో రుజువు చేసుకోవలసిన గతి పట్టరాదు. ఆ తల్లుల దుఃఖాన్ని మనం ఆదర్శమని పొగడరాదు. నేను గ్రహించినది వేరు. భాష అవసరమైన నాడు దానిని అంగడిలో కొనలేము. సైన్యం చేతిలో ధనముంది, అధికారముంది. అయినా ఆరు నెలలలో మెరుగుపెట్టగలిగింది అప్పటికే భాష ఉన్నవారికే. ఆ పునాదిని ఇరవై ఏండ్ల క్రితమే, ఎవరూ మెచ్చుకోని ఒక సాయంకాలపు గంటలో, పేరు తెలియని ఉపాధ్యాయులు వేశారు. ఆ అవసరం ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో వారికీ తెలియదు. మన పిల్లవాడికి అది ఆస్పత్రిలో అమ్మమ్మ బాధ అర్థం చేసుకోవడం కావచ్చు, తాతగారి భూమి దస్తావేజు చదువుకోవడం కావచ్చు.

తల్లిదండ్రులకు నా మనవి ఇది. ఈ సంవత్సరం మీ పిల్లవాడు తెలుగు తరగతికి రానని మొరాయిస్తే కోప్పడకండి. హిగ కథ చెప్పండి. గుహ ముందు నిలబడి అమ్మమ్మ పలుకుబడిలో "రండి, భయం లేదు" అని పిలిచిన ఆ సైనికుని కథ విన్న పిల్లవాడు మరునాడు తరగతికి వస్తాడని నా నమ్మకం.

సెలవు.